ఏనుగులు లేని అయీదా

ఇటాలియన్ స్వరకర్త వెర్డీ ఒపేరా, అంటే ఆసాంతం పాటతో నడిచే నాటకం, అయీదా వేస్తున్నామని గోడపత్రిక పడగానే టికెట్ల కిటికీకి వచ్చే మొదటి ఫోనులో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏనుగు ఉంటుందా? ఉండదు. వెర్డీ కోసం ఆంతోనియో గిస్లాన్ట్సోని రాసిన పాఠంలోనే ఏనుగు లేదు. రెండో అంకం రెండో రంగానికి రాసిన సూచనలో సైన్యం, బాకాలు, యుద్ధరథాలు, జెండాలు, పవిత్ర కలశాలు, దేవతా విగ్రహాలు, కొల్లసొమ్ము పట్టుకొచ్చే నర్తకీమణులు, అందరికంటే వెనక పన్నెండుమంది అధికారులు మోసే పందిరి కింద గెలిచొచ్చిన సేనాని రాదమేస్. అంతవరకే. 1913 ఆగస్టు 10న, వెర్డీ పుట్టిన నూరేళ్ళకి, వెరోనాలో రోమన్ల నాటి ఆరుబయలు అరీనాలో అయీదా ఆడారు. అప్పట్నుంచీ అయీదా అంటే వేలమంది జనం, జంతువులు, ఊరేగింపు అన్న ముద్ర లోకంలో స్థిరపడిపోయింది.

నాలుగు అంకాలు, ఏడు రంగాలు. జనం నిజంగా కిటకిటలాడేది ఒక్క రంగంలోనే. మరో రెండింట్లో సైనికులో పూజారులో కాసేపు నిండుగా కనబడతారు. మిగతాదంతా ఇద్దరు, మహా అయితే ముగ్గురు మనుషులు ఒకరి మనసు ఒకరు తవ్వుకోవడమే. చిన్న కంపెనీ అయీదా వెయ్యడం దుస్సాహసం అనేవాళ్ళకి మా దగ్గరుండే జవాబు ఇదే. దీనికి ఇటలీలో బుస్సెతో అనే ఊరు సాక్ష్యం. వెర్డీ సొంత ఊళ్ళో ఆయన పేరుతోనే ఉన్న ఆ నాటకశాలలో సుమారు 300 మంది పడతారు. ఆయన చనిపోయి నూరేళ్ళయిన 2001లో ఫ్రాంకో జెఫిరెల్లి ఆ అగ్గిపెట్టెలాంటి స్టేజీ మీదే యువ గాయకులతో అయీదా వేశాడు.

మాది అంతకంటే పెద్ద హాలే. 1990లు, అమెరికా మధ్యపడమటి రాష్ట్రాల్లో ఒక మోస్తరు ఊరు. మూకీ సినిమాల కాలంలో కట్టిన భవనం, పదకొండు వందల సీట్లు. స్టేజీ నోరు 40 అడుగులు, లోతు 28. ఏడాదికి రెండు ఒపేరాలు, ఒక్కోదానికి రెండే ఆటలు: శుక్రవారం రాత్రి ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి. మధ్యలో శనివారం ఖాళీ ఉంచేది గొంతుల కోసం. ముఖ్యపాత్రలకి బయటి ఊళ్ళ నుంచి గాయకులు వచ్చేవాళ్ళు. కోరస్ మాత్రం ఊరివాళ్ళే: బడిపంతుళ్ళు, నర్సులు, బ్యాంకు గుమస్తాలు, చర్చి గాయకులు, వాళ్ళ మధ్య ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్ళు.

ముందు స్తంభాల సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బు అక్కడే మిగిలేది. ఈజిప్టు గుడికి లావుపాటి స్తంభాలు కావాలి. చెక్కతో కడితే బరువు, ఖర్చు. కాంక్రీటు స్తంభాలు పోసేటప్పుడు అచ్చుగా వాడే అట్టగొట్టాలు ఉంటాయి, ఇళ్ళు కట్టే సామాను అమ్మే చోట దొరుకుతాయి. 24 అంగుళాల వ్యాసం, 12 అడుగుల పొడవు ఉన్నవి ఎనిమిది తెచ్చుకుంటే గుడి లేచి నిలబడేది. ముందు పల్చటి నూలుగుడ్డ జిగురుతో అంటించాలి. దానిమీద పెయింటులో రంపపుపొట్టు కలిపి చేత్తో పూస్తే రాతి గరుకుదనం వస్తుంది. ఆరాక లేత ఇసుకరంగు, దానిమీద తడిగుడ్డతో అద్దిన ముదురు గోధుమరంగు, చివర స్టెన్సిల్‌తో బొమ్మల లిపి. అందరూ చేసే తప్పు ఒకటుంది: గొట్టాలు తెచ్చిన రోజున అడ్డంగా పడుకోబెట్టడం. వారం తిరిగేసరికి సొంత బరువుకే నొక్కుకుపోయి గుండ్రటివి కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి, మళ్ళీ సరికావు. మొదటి రోజు నుంచీ నిలువుగానే ఉంచాలి, లోపల పైనా కిందా గుండ్రంగా కోసిన ప్లైవుడ్ బిళ్ళలు బిగించాలి. కింద బిళ్ళమీద రెండు ఇసుక సంచులు పెట్టకపోతే ఊరేగింపులో ఎవరి ఈటె తగిలినా గుడి ఊగుతుంది. అగ్నిమాపక శాఖవాళ్ళు వచ్చి గుడ్డముక్క కత్తిరించి అగ్గిపుల్ల పెట్టి చూసేవాళ్ళు. అందుకని మంట పట్టనివ్వని మందు కొట్టాకే రంగు వేయాలి. రంగు మీద కొడితే తెల్లటి ఉప్పు చారలు తేలతాయి.

కోరస్‌కి ఇటాలియన్ నేర్పడం నెలన్నర పని. తెలుగు గొంతుకి ఎంత మేలు జరిగిందో అక్కడ కళ్ళారా చూశాం. తెలుగు అజంత భాష, ఇటాలియన్ కూడా దాదాపు అంతే, అని చిన్నప్పట్నుంచీ విన్నదే. కానీ కోరస్ గదిలో నిజంగా అక్కరకొచ్చినవి అచ్చులు కాదు, ద్విత్వాక్షరాలు. 'ఫాతో' అంటే విధి, 'ఫాత్తో' అంటే చేసినది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళ చెవికి ఆ రెండూ ఒకటే. వాళ్ళకి ఒత్తు అంటే ఏమిటో చెప్పడానికే రెండు వారాలు పట్టేది. మనకి అది చెప్పనక్కర్లేదు. 'గ్లోరియా అల్లెజిత్తో' అని తెలుగులో రాసుకుంటే లకారం ఎక్కడ ఆగాలో, తకారం ఎక్కడ ఒత్తాలో కాగితమే చెప్పేస్తుంది. త, ద అనే చోట నాలుక పళ్ళకి తగలాలి, ట, డ కాకూడదు. ఆ తేడా కూడా మన లిపిలో ముందే ఉంది. సున్నితమైన విషయం ఇంకొకటి: ఇటాలియన్ 'జెడ్' అక్షరానికి ఉన్న రెండు పలుకుబడులూ మన పాత లిపిలోని ౘ, ౙ. 'చలి'ని ఇంట్లో పలికినట్టు పలికితే 'దాన్ౘ' వచ్చేస్తుంది, 'మెౙ్ౙో' కూడా అంతే. జీఎన్ వచ్చిన చోట ఞకారం. అ, ఆ, ఇ, ఈలతో పాటు నేర్చుకుని విడిగా ఎక్కడా వాడని ఆ అక్షరాన్ని 'సోఞ్ఞో' అని రాసుకున్నప్పుడు కలిగిన సంతోషం వేరు.

మనకీ ఒక బొక్క ఉంది. 'ఎఫ్' శబ్దాన్ని ఫకారంగా పెదాలు మూసి పలికేస్తాం. పళ్ళు కింది పెదవికి తగలాలని పదేపదే గుర్తు చేసుకోవాలి. రెండోది సంధి. తెలుగులో రెండు అచ్చులు కలిస్తే ముందుది లోపిస్తుంది. ఇటాలియన్‌లో రెండూ బతికే ఉండాలి, కానీ ఒకే స్వరంలో ఇమడాలి. 'చెలెస్తె అయీదా' అన్నప్పుడు 'తె', 'అ' ఒకే అక్షరం కింద లెక్క. విడదీస్తే తాళం తప్పుతుంది, మన అలవాటున 'చెలెస్తయీదా' అంటే మాట తప్పుతుంది.

'చెలెస్తె అయీదా' అనే ఆ పాట, రాదమేస్ వేషం కట్టే టెనరుకి, అంటే పై స్థాయిలో పాడే మగ గొంతుకి, పెద్ద పరీక్ష. తెర లేచిన కొద్ది నిమిషాలకే వస్తుంది, గొంతు వేడెక్కే వ్యవధి లేదు. చివర పై స్థాయి బి ఫ్లాట్ స్వరాన్ని వెర్డీ మెల్లగా, ఆరిపోతున్నట్టు పాడమని రాశాడు. అది చేయగలిగినవాళ్ళు అరుదు. చాలామంది గట్టిగా నిలబెట్టి చప్పట్లు కొట్టించుకుంటారు, పద్యం చివర రాగం లాగినట్టు. దీనికి వెర్డీయే ఒక మధ్యేమార్గం చెప్పాడు. కపోని అనే టెనరు ఇబ్బంది పడుతుంటే, పై స్వరం గట్టిగానే పాడి, ఆ తర్వాత 'విచీనో అల్ సోల్' అన్న మాటల్ని ఒక స్థాయి కిందికి దింపి మళ్ళీ మెల్లగా అనమన్నాడు. 1949లో రిచర్డ్ టక్కర్ అనే టెనరు చేత, ఆర్కెస్ట్రాని నడిపించిన టోస్కానీనీ అలాగే పాడించాడు. చిన్న కంపెనీకి వచ్చే టెనర్లకి ఈ దారి ఉందని మొదటి రిహార్సల్లోనే చెప్పడం మంచిది. భయం తగ్గితే పైస్వరం కూడా బాగా పలుకుతుంది.

టోస్కానీనీ పేరు వచ్చింది కాబట్టి: ఆయన చేతికి కర్ర వచ్చిందే అయీదాతో. 1886 జూన్ 30న రియో డి జనీరోలో, ఊరూరా తిరిగే ఒక ఇటాలియన్ బృందంలో చెల్లో వాయించే 19 ఏళ్ళ కుర్రాడు. నడిపించేవాడి మీద జనం గోల చేస్తుంటే ఇతణ్ణి పైకి తోశారు. స్వరలిపి చూడకుండా మొత్తం నడిపించాడు.

ఆర్కెస్ట్రా లెక్క దగ్గరికి వద్దాం. వెర్డీ అడిగింది మూడు ఫ్లూట్లు, రెండు ఓబోలు, కోర్ ఆంగ్లే, రెండు క్లారినెట్లు, బాస్ క్లారినెట్, రెండు బసూన్లు, నాలుగు హార్న్‌లు, రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, చింబాస్సో, డ్రమ్ములు, తాళాలు, హార్ప్, తంత్రీవాద్యాలు. ఇవి కాక స్టేజీ మీదికి ఆరు పొడుగు బాకాలు, ఒక బ్యాండు. స్టేజీ ముందు వాద్యకారులు కూర్చునే మా పిట్‌లో మొదటి వరస కుర్చీలు తీసేసినా 43 మంది కంటే పట్టేవాళ్ళు కారు. రెండో ఓబో వాయించేవాడే కోర్ ఆంగ్లే కూడా అందుకునేవాడు. చింబాస్సో బదులు ట్యూబా. బాస్ క్లారినెట్‌ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకూడదు, నాలుగో అంకంలో, రాదమేస్‌ని ప్రేమించిన రాజకుమార్తె ఆమ్నేరిస్ బాధకి రంగు పూసేది అదే. అన్నీ కోసుకుంటూ వస్తే చివరికి తంత్రులకి మిగిలేది 19 మంది: మొదటి వయొలిన్లు ఆరు, రెండో వయొలిన్లు అయిదు, వయోలాలు మూడు, చెల్లోలు మూడు, డబుల్ బేస్‌లు రెండు. వాళ్ళకెదురుగా ఇత్తడి వాద్యాలు పది.

ఇత్తడి ముందు తంత్రులు మునిగిపోతాయని అందరూ బెంగపడేవాళ్ళు. దానికి మందు సులువే, ఇత్తడివాళ్ళని ఒక మెట్టు తగ్గించి ఊదమనడం, ట్రాంబోన్ల నోళ్ళు గోడవైపు తిప్పడం. ఎవరూ ముందు ఊహించని కష్టం మెత్తటి చోట్ల వచ్చేది. మొదటి స్వరమే చూడండి. ఇంత పెద్ద ఒపేరా మొదటి వయొలిన్లతో, ధ్వని తగ్గించే మ్యూటు పెట్టి, గుసగుసలా మొదలవుతుంది. పన్నెండుమంది వాయిస్తే అది పొగమంచు. ఆరుగురు వాయిస్తే ఆరు వయొలిన్లు. ఎవరి కమాను కాస్త వణికినా హాలంతటికీ తెలుస్తుంది. మూడో అంకంలో నైలునది రాత్రి కూడా అంతే: వయొలిన్లు జి స్వరాన్ని వేర్వేరు స్థాయిల్లో చుక్కలు చుక్కలుగా వేస్తుంటే ఫ్లూటు ఒంటరిగా తేలాలి. అందుకని రిహార్సల్ కాలాన్ని తిరగేసుకున్నాం. ఊరేగింపుకి ఇరవై నిమిషాలు, నైలునదికి గంట. మాస్త్రో, అంటే ఆర్కెస్ట్రాని నడిపించే ఆయన, చేసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే తెలివైనదిగా ఇప్పటికీ తోచేది అదే.

స్వరప్రతులతో ఒక చికాకు తప్పదు. గాయకుల చేతిలో ఒక ప్రచురణ, వాద్యకారుల ముందు ఇంకొక ప్రచురణ ఉంటుంది. వాటిలో అక్కడక్కడ గుర్తుగా వేసే రిహార్సల్ అక్షరాలు కలవవు. 'కే నుంచి' అని మాస్త్రో అంటే సగం మంది ఒక చోట, సగం మంది ఇంకో చోట మొదలుపెడతారు. నెల ముందే ఒకరు కూర్చుని బార్లు (తాళపు ఆవర్తాలు) లెక్కపెట్టి 43 ప్రతుల్లోనూ పెన్సిలుతో అంకెలు వేయాలి. రెండు సాయంత్రాల పని. వేయకపోతే, గాయకులూ ఆర్కెస్ట్రా మొదటిసారి కలిసి కూర్చునే సిట్స్‌ప్రోబెలో గంట పోతుంది, ఆ గంటకి 43 మందికి కూలి కట్టాలి.

కాలమే డబ్బు అక్కడ. వాద్యకారులతో ఒప్పందం మూడు గంటలు, శ్రుతి చేసుకోవడం నుంచి చివరి స్వరం దాకా. పైన ప్రతి పావుగంటకీ అదనం. అయీదాలో సంగీతమే దాదాపు రెండున్నర గంటలు. మూడు విరామాలిస్తే అప్పు మిగిలేది. అందుకే రెండో అంకం అయ్యాక ఒకే ఒక్క విరామం, 20 నిమిషాలు, మిగతా చోట్ల తెర వెనక చీకట్లోనే మార్పులు. ప్రేక్షకుడి ఖర్చు కూడా చిన్న విషయం కాదని అయీదా చరిత్రే చెప్తుంది. 1872లో పార్మాలో ఈ ఒపేరా రెండుసార్లు చూసి నచ్చక, బెర్తాని అనే ఆయన రైలు ఛార్జీలు, టికెట్లు, స్టేషన్లో తిన్న భోజనాల లెక్క కట్టి 31 లీర 80 తిరిగి ఇమ్మని వెర్డీకే రాశాడు. వెర్డీ తన ప్రచురణకర్త ద్వారా 27 లీర 80 ఇప్పించాడు. భోజనం ఇంట్లోనే తినివుండొచ్చు కదా అని ఆ నాలుగు లీరలు తగ్గించి, ఇకమీదట తన కొత్త ఒపేరాలకి రానని రాయించుకున్నాడు.

పొడుగు బాకాలు ఆరు. వీటిని వెర్డీ ఈ ఒపేరా కోసమే చేయించాడు. ఒక్క వాల్వే ఉంటుంది. మూడు ఎ ఫ్లాట్ శ్రుతిలో, మూడు బి శ్రుతిలో. మొదటి ముగ్గురూ ఒక పక్కన ఊదాక, రెండో ముగ్గురు అదే వరస మూడు అర్ధస్వరాలు పైనించి అందుకుంటారు. అప్పుడు ఒళ్ళు జలదరించేది వరస మారడం వల్ల కాదు, శ్రుతి లేవడం వల్ల. మామూలు ట్రంపెట్లయితే ముగ్గురితో రెండు వంతులూ వాయించొచ్చు, కానీ ఆ పక్క నుంచి ఈ పక్కకి దూకే శబ్దం పోతుంది. కాబట్టి బాకాలు అద్దెకి తేవడం మేలు. అద్దె భరించలేని ఏడాది రాగిగొట్టాలతో డమ్మీలు చేసి వేషగాళ్ళ చేతికిచ్చి, వాద్యకారుల్ని స్టేజీ పక్క చాటున ఉండే వింగ్‌లో నిలబెట్టాం. అది బాగానే సాగుతుంది, వేషగాళ్ళకి సంగీతం తెలిసినంతవరకు. పాట అయిపోయే ముందే ఒకరు బాకా దించితే మొత్తం భ్రమ పోతుంది. ప్రతి ముగ్గురిలో ఒకరైనా స్వరలిపి చదవగలిగినవాళ్ళు ఉండాలి, మిగతా ఇద్దరూ వాళ్ళ మోచేతిని చూసుకుంటారు. నిజం బాకాలకి వేరే సమస్య ఉంది: చల్లటి వింగ్‌లో పది నిమిషాలు ఊదకుండా పట్టుకుంటే శ్రుతి దిగిపోతుంది. స్టేజీ ఎక్కేముందు నిశ్శబ్దంగా లోపలికి వెచ్చటి గాలి ఊదుతూ ఉండాలి.

ఇక ఊరేగింపు. మా దగ్గరుండేది పదిహేనుమంది సైనిక వేషగాళ్ళు. వాళ్ళు ఈజిప్టు సైన్యమంతా అవ్వాలి. ఎడమ నుంచి వచ్చి, కుడివైపు దిగి, వెనకతెర చాటున తిరిగొచ్చి, శిరస్త్రాణం, డాలు మార్చుకుని మళ్ళీ ఎడమ నుంచి రావడం. పల్లెటూరి నాటకాల్లో ఇద్దరు భటులతో కురుక్షేత్రం నడిపినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. కానీ లెక్క సరిగ్గా కట్టాలి. నిమిషానికి నూరు అడుగులు, అడుగు 60 సెంటీమీటర్లు అనుకుంటే సెకనుకు ఒక మీటరు. స్టేజీ వెడల్పు 12 మీటర్లు, మనిషికీ మనిషికీ మధ్య మీటరున్నర ఎడం, అంటే వరస పొడవు 21 మీటర్లు. మొదటివాడు 12వ సెకనులో దిగుతాడు. చివరివాడు 33వ సెకనులో దిగుతాడు. వెనక నడక, వేషం మార్పిడి కలిపి 30 సెకన్లు, కాబట్టి మొదటివాడు మళ్ళీ కనబడేది 42వ సెకనులో. మధ్యలో తొమ్మిది సెకన్లు స్టేజీ ఖాళీ. ఆ తొమ్మిది సెకన్లలోకి ఒక విగ్రహం మోసే నలుగురినో, జెండా పట్టిన ఇద్దరినో పంపాలి. ఈ లెక్క కాగితం మీద కట్టకుండా స్టేజీ మీద సరిచేసుకుందామనుకుంటే మూడు రిహార్సళ్ళు పోతాయి.

వెనకతెరకీ గోడకీ మధ్య సందు మూడడుగులు. అక్కడ పరుగెత్తడం నిషేధం. ఊపిరి ఎగబీలుస్తూ వచ్చిన సైనికుడు గెలిచివచ్చినవాడిలా ఉండడన్నది ఒక కారణం. పదిహేనుమంది పరుగెత్తితే గాలికి తెర అలలు అలలుగా కదిలి ఈజిప్టు ఆకాశం ఊగుతుందన్నది రెండోది. తెర అంచులో ఇనపగొలుసు కుట్టి, వెనక ఇంకో నల్లతెర కడితే ఊపు ఆగింది. శిరస్త్రాణాల బల్లమీద సుద్దతో అంకెలు వేసి, ఎవరి అంకె దగ్గర వాళ్ళ రెండో సరంజామా ఉంచాం. మెరుపు కోసం తగరపు రేకు, కాకిబంగారం అంటించాం, సురభివాళ్ళ కిరీటాల మీద చూసినట్టే. అది ఇరవై అడుగుల దూరం నుంచి అసలు బంగారం కంటే బాగా మెరుస్తుంది. చెప్పుల అడుగున ఫెల్టు ముక్కలు అంటించకపోతే కోరస్ మెల్లగా పాడే చోట టపటపలు వినిపిస్తాయి. ఈటెల కొసలు రబ్బరువి.

36 మంది కోరస్‌ని పంచడం ఇంకో లెక్క. బాస్ గొంతుల్లో ఎనిమిదిమందిని పూజారులుగా విడిగా నిలబెట్టాలి, వాళ్ళ వరస మిగతా జనం వరసకి అడ్డంగా, బరువుగా నడుస్తుంది. బందీలకి ఆరుగురు చాలు, కానీ గట్టి గొంతులు కావాలి. మిగిలిన 22 మందీ ప్రజలు. అందరూ వరసలుగా నిలబడితే పలచగా కనబడతారు. స్తంభాల మధ్య ఇద్దరిద్దర్ని, మెట్లమీద కొందర్ని పెట్టి, రెండు వింగ్‌లలోకి కూడా జనం సాగినట్టు అంచున నలుగుర్ని సగం కనబడేలా నిలబెడితే, లోపల ఇంకెంతమంది ఉన్నారో అని కన్ను తనే ఊహించుకుంటుంది.

స్టేజీ చాటు నుంచి పాడటం అయీదాలో ఒక శాస్త్రం. మొదటి అంకంలో పూజారిణి లోపల్నుంచే 'పొస్సెంతే ఫ్తా' పాడాలి, హార్ప్‌తో. నాలుగో అంకంలో రాదమేస్‌ని నేలమాళిగలో విచారిస్తుంటే పైన ఆమ్నేరిస్ ఒక్కతే వింటూ కుమిలిపోతుంది. ప్రధాన పూజారి రాంఫిస్ మూడుసార్లు పేరు పిలుస్తాడు, నేరం చదువుతాడు, జవాబు రాదు, 'త్రదితోర్', ద్రోహి, అని పూజారులంతా అరుస్తారు. ఈ తంతు మూడుసార్లు, ప్రతిసారీ ఒక్కో అర్ధస్వరం పైకి. ఆర్కెస్ట్రా సరిగ్గా వినిపించని చోట నిలబడి ఈ మెట్లు తప్పకుండా ఎక్కడం కష్టం. ఇంకా చాటు గొంతులు హాల్లోకి వచ్చేసరికి శ్రుతి కాస్త తగ్గినట్టు చెవికి అనిపిస్తాయి. అందుకే యూరప్ నాటకశాలల్లో వెనక ఒక హార్మోనియం ఉంచి శ్రుతి ఇచ్చేవాళ్ళు. మేము మొదట ఎలక్ట్రిక్ కీబోర్డు వాడాం. మెల్లగా పెడితే పాడేవాళ్ళకి వినబడలేదు, పెంచితే హాల్లోకి పోయింది. ఊళ్ళో తెలుగువాళ్ళు భజనలకి వాడే చేతి హార్మోనియం ఒకటి తెచ్చి, రీడ్ల శ్రుతి ఓబోతో సరిచూసుకుని పెట్టాక సమస్య తీరింది. ఆ సన్నటి నాసికా ధ్వని పక్కనున్న చెవికి స్పష్టంగా తగులుతుంది, పది అడుగులు దాటితే కరిగిపోతుంది. పద్యనాటకంలో స్టేజీ ముందు రాజ్యమేలే పెట్టె, ఇక్కడ చీకట్లో ఎవరికీ కనబడకుండా వెర్డీకి శ్రుతి పట్టింది.

తాళం సంగతి వేరు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 15 మీటర్ల వెనకనించి పాడితే సెకనులో ఇరవయ్యో వంతు దాకా ఆలస్యం. వినడానికి చిన్నదే, కానీ ఆర్కెస్ట్రాని చెవితో వింటూ పాడితే ఆలస్యం రెండింతలవుతుంది. కాబట్టి చెవిని నమ్మకూడదు, మాస్త్రో చేతినే చూడాలి. పిట్‌లో ఒక కెమెరా, వెనక మూడు చోట్ల పాత డబ్బా టీవీలు. బొమ్మ నలుపు తెలుపే, కానీ చెయ్యి కదిలిన క్షణంలోనే తెరమీదా కదిలేది. తరవాత ఎవరో దానం చేసిన పల్చటి కొత్త టీవీలు పెడితే కోరస్ ఉన్నట్టుండి వెనకబడింది. వారం రోజులు కోరస్‌నే తప్పుపట్టారు. తప్పు టీవీది. బొమ్మని అంకెలుగా మార్చి చూపేసరికి అది కాస్త కాలం తినేస్తుంది. డబ్బా టీవీలు మళ్ళీ అటకమీంచి దిగాయి.

స్టేజీ పైన అనువాదం వేసే పద్ధతి 1983లో టొరంటోలో మొదలైంది. మా దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు లేదు, గుండ్రటి ట్రే ఉన్న స్లైడ్ ప్రొజెక్టర్లు రెండు. అయీదాకి దాదాపు 500 స్లైడ్లు, ట్రేకి 80, అంటే ఏడు ట్రేలు. బేసి సంఖ్యలు ఒక యంత్రంలో, సరి సంఖ్యలు ఇంకోదాంట్లో. ఒక స్లైడ్ ఇరుక్కుంటే అక్కణ్ణుంచి అన్నీ ఒక మాట ముందో వెనకో నడుస్తాయి. ప్రతి ఇరవై స్లైడ్లకీ ఒక ఖాళీ స్లైడ్ పెట్టుకుంటే అక్కడ ఆగి సర్దుకోవచ్చు. కానీ అసలు నేర్పు ఎప్పుడు వేయాలన్నదే. రెండో అంకంలో ఆమ్నేరిస్, రాదమేస్ చనిపోయాడని అబద్ధం చెప్పి, అతన్ని ప్రేమించే తన బానిస అయీదా మనసు బయటికి లాగుతుంది. ఆ వెంటనే 'నిన్ను మోసం చేశాను, అతను బతికే ఉన్నాడు' అంటుంది. ఆ రెండు మాటలూ ఒకే స్లైడ్‌లో ఉంటే హాలుకి అయీదా కంటే ముందే తెలిసిపోతుంది, పాడేవాళ్ళ కష్టం వృథా. విడగొట్టి, రెండోది గాయని నోరు తెరిచాకే నొక్కాలి.

చివరి రంగం గురించి నిదానంగా చెప్పుకోవాలి. రాదమేస్‌ని బతికుండగానే సమాధి చేస్తారు, అయీదా ముందే అందులో దాక్కుని అతనితో పాటు చనిపోతుంది. స్టేజీ రెండు అంతస్తులుగా ఉండాలని పాఠంలోనే ఉంది: పైన బంగారు కాంతితో గుడి, కింద చీకటి నేలమాళిగ. మాకు అంకాల మధ్య కట్టుకునే వ్యవధి లేదు. అందుకని ఎనిమిదడుగుల ఎత్తు అరుగు మొదటి అంకం నుంచే స్టేజీ మీద ఉండేది. మొదట గుడి గద్దె, తరవాత రాజు సింహాసనం ఉన్న మెట్లు, ఆఖరికి సమాధి. ముందువైపు రాతిగోడలా రంగు వేసిన ఎనిమిది పలకలు, పిన్ను లాగితే ఊడొచ్చే కీళ్ళతో. నలుగురు మనుషులు, చీకట్లో, 90 సెకన్లు. పిన్నులకి తెల్లదారం కట్టి ఉంచాలి, లేకపోతే చేతికి దొరకవు.

సమాధి లోతు ఆరడుగులు మించకూడదు. మించితే బాల్కనీలో కూర్చున్నవాళ్ళకి పై అరుగే కనబడుతుంది, పాడేవాళ్ళు కనబడరు. లోపల నల్ల మఖమలు తెర కడితే చూపుకి బాగుంటుంది, కానీ అది గొంతుని మింగేస్తుంది. వెనకగోడ గట్టి ప్లైవుడ్‌తో వదిలేసి నల్లరంగు వేస్తే ఆ తక్కువ ఎత్తు కప్పే గొంతుల్ని ముందుకి తోస్తుంది. పైన పూజారిణులు నడిస్తే బల్లలు కిర్రుమంటాయి. కింద పాట గుసగుసలో ఉంటుంది. బల్లల అతుకుల మధ్య ఫెల్టు, పైన తివాచీ, అందరికీ ఉత్తకాళ్ళు. పై గుడి ముందు సన్నటి జాలితెర. ముందు నుంచి వెలుగు పడితే అది గోడ, వెనక వెలుగు పెంచితే గాజులా కరిగిపోతుంది. కాబట్టి కింద వాళ్ళ మీది వెలుగు ఒక్క చుక్క కూడా జాలితెర మీదికి చిమ్మకూడదు. పక్కలనుంచి మాత్రమే దీపాలు వేయాలి.

'ఓ తెర్రా అద్దీయో', భూమికి వీడ్కోలు. జి ఫ్లాట్ శ్రుతిలో ఇద్దరూ ఒకే వరస, ఒకరి తరవాత ఒకరు, ఆపైన కలిసి. గొంతు పెంచాల్సిన పనిలేదు. ఈ ఒపేరా నేర్చుకున్నవాళ్ళకి మొదటి మూడు అంకాల కష్టమంతా ఇక్కడికి రావడానికే అనిపిస్తుంది. వయొలిన్లు పైకి, ఇంకా పైకి సన్నబడతాయి. పైన ఆమ్నేరిస్ నల్లదుస్తుల్లో బండమీద వాలి 'పాచే' అంటుంది, శాంతి అని. అక్కడ తెర దించకూడదు. మా హాలు తెరకి మోటారు ఉండేది, దాని గురగుర ఆ చివరి స్వరం కంటే పెద్దది. అందుకని మొదటి డ్రెస్ రిహార్సల్ తరవాత పుస్తకంలో తెర సూచన కొట్టేశాం. ముందు కింద దీపం, పదిహేను లెక్కలు. తరవాత పై దీపం, ఇరవై లెక్కలు. పూర్తిగా చీకటి. వాద్యకారుల స్టాండు లైట్లు కూడా ఆర్పించాం. చప్పట్లు మొదలయ్యాకే, ఆ చప్పుడు చాటున, మోటారు మీట నొక్కేవాళ్ళం.